తలుపులో గళగళ!

ఈ వారం ఉత్తరం ఎ.కొండూరు నుంచి. రాసినాయన ఎనిమిదేళ్ళ నాటి కారు కొనుక్కుని అద్దెకు తిప్పుకుంటున్నారు. మైలవరం మీదుగా విజయవాడ ఆసుపత్రులకు, తిరువూరు మీదుగా భద్రాచలానికి. ఆయన బాధేమిటంటే... ముందు ఎడమ డోరులోని స్పీకరు ప్రతి వానాకాలం పోతోంది. మూడేళ్ళలో మూడు మార్చారు. ఈసారి షాపతను 'అడుగున రంధ్రాలున్నాయి సార్, నీళ్ళు వాటిలోంచే ఎక్కుతున్నాయి' అని వాటిని ఎంసీల్‌తో మూసేశాడట. ఇప్పుడు తలుపు తీసినా వేసినా లోపల కుండలో నీళ్ళు కదిలినట్టు గళగళమంటోంది. ముందు సీట్లో కూర్చున్నవారి కాళ్ళ కింద మ్యాట్ తడి. పాటలు రాకపోయినా ఫర్వాలేదుగానీ, ఒంట్లో బాగాలేనివాళ్ళను ఆ తడిలో కూర్చోబెట్టడం తనకే ఇబ్బందిగా ఉందంటున్నారు. ఈ మండలం తండాల్లో కిడ్నీ జబ్బులెన్ని ఉన్నాయో పేపరు చదివేవారికి చెప్పక్కర్లేదు. ఆయన బండెక్కేవారిలో అలాంటివాళ్ళూ ఉన్నారు.

అయ్యా, ముందు ఆ ఎంసీల్ పీకించండి. ఇవాళే. మిగతా సంగతి తరవాత మాట్లాడుకుందాం.

కారు తలుపులోకి నీళ్ళు రాకూడదని మనమంతా అనుకుంటాం. కానీ తయారుచేసినవాడు అలా అనుకోలేదు. అద్దం పైకీ కిందికీ కదలాలి కదా! దాని బయటి వైపు ఉన్న రబ్బరు అద్దాన్ని తుడుస్తుందే తప్ప నీటిని పూర్తిగా ఆపలేదు. వానలో కాసేపు నిలబడిన ఏ కారు తలుపులోనైనా కొన్ని నీళ్ళు దిగుతాయి. కొత్త కారైనా సరే. అద్దం వెంట జారి, తలుపు అడుక్కి చేరి, అక్కడున్న రెండు మూడు రంధ్రాల గుండా రోడ్డు మీద పడిపోవాలి. అదీ ఏర్పాటు. రంధ్రాలు మూసేస్తే తలుపు తొట్టి అవుతుంది. ఆ తొట్టిలో స్పీకరొక్కటే కాదు, అద్దం ఎత్తే మోటారు, సెంట్రల్ లాకు, వాటి వైర్లు కూడా ఉంటాయి. అన్నిటికన్నా ముందు రేకు అడుగు అంచు తుప్పు పడుతుంది. స్పీకరు పోతే కొత్తది కొనుక్కోవచ్చు. తలుపు అంచు తినేస్తే వెల్డింగు, టింకరింగు, పెయింటింగు. ఆ ఖర్చు వేరే లెక్క!

మరి స్పీకరు ఎందుకు తడుస్తోంది? అంబాసిడర్, ఫియట్ల కాలంలో స్పీకర్లు పెట్టించుకుంటే వెనక సీటు మీది పలకకే ఎక్కువగా బిగించేవారు. ఎండకు ఎండేవేగానీ వానకు తడిసేవి కావు. తరవాత అవి తలుపుల్లోకి దిగాయి. తలుపులో రెండు రేకులుంటాయి. బయటి రేకుకూ లోపలి రేకుకూ మధ్య ఉన్నది చూరు కింద జాగా లాంటిది, వాన పడే చోటే. లోపలి రేకు నుంచి మన వైపు ఉన్నది గది. ఆ గోడకు కన్నం చేసి బిగించిందే స్పీకరు. మొహం గదిలో, వీపు వానలో!

కంపెనీలు ఈ సంగతి తెలిసే రెండు జాగ్రత్తలు తీసుకుంటాయి. ఒకటి, లోపలి రేకు మీద నిలువునా అంటించిన ప్లాస్టిక్ షీటు. కొన్ని కార్లలో నురుగు షీటు ఉంటుంది. దాని చుట్టూ నల్లగా, చేతికంటుకుంటే ఓ పట్టాన వదలని బంక కనిపిస్తుంది. రెండోది, కొన్ని మోడళ్ళలో స్పీకరు నెత్తిన చిన్న ప్లాస్టిక్ గొడుగు. మనం కొత్త స్పీకర్లు పెట్టించుకోవడానికి వెళ్ళినప్పుడు షాపులో జరిగేదేమిటి? డోరు ప్యాడు ఊడదీస్తారు. షీటు అడ్డమొచ్చిందని బ్లేడుతో పర్రున చీరేస్తారు. పాత స్పీకరుతోపాటు గొడుగునూ డబ్బాలో పారేస్తారు. ప్యాడు బిగించేశాక లోపల ఏముందో, ఏం లేదో ఎవరికి కనబడుతుంది? పాట మాత్రం బ్రహ్మాండంగా వినిపిస్తుంది... మొదటి వాన దాకా.

ఉత్తరం రాసినాయన కాళ్ళ కింద తడికి కారణం ఈ చినిగిన షీటే అయ్యుండాలి. కింద రంధ్రాలు మూసుకుపోయి, పైన షీటు చిరిగిపోతే నీళ్ళకు ఇక గదిలోకి రావడమే దారి. మరో విషయం. కొత్త మోడళ్ళు కొన్నిటిలో, పక్కనుంచి ఏదైనా గుద్దితే ఎయిర్‌బ్యాగు తెరుచుకోవడానికి తలుపు లోపలి గాలి ఒత్తిడిని కనిపెట్టే సెన్సరు ఉంటుంది. అది సరిగా పనిచేయాలంటే తలుపు లోపలి మూతలన్నీ కంపెనీవాడు బిగించినట్టే ఉండాలి. అలాంటి బండిలో షీటు చింపడం, కొత్త కన్నాలు చేయడం పాటతో పోయే వ్యవహారం కాదు.

స్పీకరు చచ్చే తీరు కూడా చూడండి. కాగితపు కోను అయితే నీళ్ళు పీల్చి మెత్తబడుతుంది, ఎండాక వంకర తిరుగుతుంది. అంచున ఉన్న నురుగు చిట్లుతుంది. అయస్కాంతం దగ్గరి ఇనుముకు తుప్పు పట్టి, ఆ పొడి కాయిల్ కదిలే సన్నటి సందులో చేరుతుంది. అప్పుడే ఆ బరబర. వైరు అతికిన చోట పచ్చగా చిలుము పడుతుంది. చాలాసార్లు పాపం స్పీకరుకేమీ కాదు, ఈ చిలుమే దాని నోరు నొక్కేస్తుంది. కాబట్టి కొత్తది కొనేముందు పాతదాన్ని విప్పి చూడండి. కోనును రెండు వైపులా వేళ్ళతో మెల్లగా సమానంగా నొక్కితే ఏమీ గీసుకోకుండా కదలాలి. వైర్లు తీసేసి మల్టీమీటరు పెడితే 4 ఓమ్‌ల స్పీకరు 3 పైచిలుకు చూపిస్తుంది. అలా చూపిస్తే కాయిల్ బతికే ఉంది. టెర్మినళ్ళు గీకి శుభ్రం చేసి మళ్ళీ పెట్టి చూడండి.

మన ప్రాంతానికి ఇంకో తిప్పలుంది. తిరువూరు, నూజివీడు వైపు బండి నీడ అంటే మామిడి చెట్టు నీడే. పూత, ఎండుటాకు, బంకతో కలిసిన దుమ్ము అద్దం రబ్బరులోకి దిగి, నీళ్ళతోపాటు కిందికి జారి, ఆ రంధ్రాల దగ్గరే పేరుకుంటాయి. రోహిణి కార్తె ఎండలకు రబ్బరు గట్టిపడి అద్దానికి ఆనకుండా నిక్కుతుంది. తొలకరికి బండి ఇలా సిద్ధంగా ఉంటుంది! అందుకే మే నెలాఖరులో ఓసారి తలుపులు తెరిచి, అడుగు అంచున ఉన్న రంధ్రాల్లో సన్నటి ప్లాస్టిక్ పుల్లతో కదపండి. ఇనుప మేకు వద్దు, పెయింటు లేస్తుంది. రబ్బరును తడిగుడ్డతో తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టండి. నల్లగా మెరుస్తుందని కొందరు డీజిలు పూస్తారు. అది రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది. వాటర్ వాష్‌కిచ్చినప్పుడు ప్రెషర్ గొట్టం అద్దం అంచుకు గురిపెట్టొద్దని చెప్పండి. వాన కూడా చేయలేని పని ఆ గొట్టం చేస్తుంది.

ఇక స్పీకరు బిగించే పని. కోను పాలీప్రొపిలీన్‌ది, అంచు రబ్బరుది అడగండి. కాగితం కోను ధ్వని బాగుంటుందనే వాదన ఉంది, నేను కాదనను. కానీ అద్దెకు తిరిగే బండికి కాగితం ఎందుకు? స్పీకరు కింద వేసే రింగు ప్లాస్టిక్‌ది కావాలి. ప్లైవుడ్ ముక్క కోసి పెడితే నీళ్ళు తాగి ఉబ్బి స్క్రూలు వదిలేస్తుంది. తప్పదంటే అన్ని వైపులా రంగు వేయించండి. వైరు అతుకుకు మామూలు టేపు చాలదు, ఎండకు బంక కారి ఊడుతుంది. కప్లరు ఉంటే మేలు, లేదా సోల్డర్ చేసి పైన హీట్ ష్రింక్ స్లీవు తొడిగించండి. వైరును టెర్మినల్ కంటే కిందికి కాస్త వేలాడేలా వదలమనండి. కరెంటు స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరును చూడండి, గోడ దగ్గర ఓ వంపు ఉంటుంది. వాన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఇక్కడా అదే కిటుకు.

స్పీకరు వెనక తొడిగే నురుగు గిన్నెలు దొరుకుతున్నాయి. నీళ్ళు ఆపుతాయి, నిజమే. కానీ స్పీకరుకు ఊపిరాడక బేస్ తగ్గిపోతుంది. గిన్నె కింది సగం కోసేసి, పై సగాన్ని గొడుగులా ఉంచితే రెండూ దక్కుతాయి. చినిగిన షీటు స్థానంలో మందపాటి పాలిథిన్ కొలతకు కోసి, బ్యూటైల్ టేపుతో అంటించండి. అడుగు అంచు లోపలి రేకు సందులోంచి తలుపు లోపలికే పోవాలి. బయటికి వేలాడితే ఆ నీళ్ళు మళ్ళీ మ్యాట్ మీదికే. ప్యాడు బిగించేముందు చెంబుడు నీళ్ళు అద్దం రబ్బరు వెంట పోసి చూడండి. ఎటు జారుతున్నాయో, ఎక్కడ చుక్క పడుతోందో కళ్ళెదుటే తెలుస్తుంది. ఒకే చోట మూడు స్పీకర్లు పోయాయంటే తప్పు స్పీకరుది కాదు, దాని నెత్తిన ఎక్కడో ఉంది. ఈ చెంబు పరీక్ష చేయని షాపులో నాలుగోది కొనొద్దు.

ఇదంతా వానకు. వరదకు ఈ లెక్కలు పనికిరావు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరు పొంగి, విజయవాడ అజిత్‌సింగ్ నగర్ వైపు కార్లు రోజుల తరబడి మునిగిపోయాయి. అలా మునిగిన బండిలో 'పాటైనా వస్తుందేమో' అని తాళం తిప్పకూడదు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. నాలుగు డోరు ప్యాడులూ ఊడదీసి మంచినీళ్ళతో బురద కడిగించాలి. లేకపోతే అది ఎండి రంధ్రాలను సిమెంటులా పూడ్చేస్తుంది. బురద తాగిన స్పీకర్లపై ఆశ వదులుకోవడమే నయం. బయట పెట్టించుకున్న మ్యూజిక్ సిస్టమ్‌ను పాలసీలో విడిగా రాయించి ఉంటేనే బీమా అడగగలమన్నది కూడా గుర్తుంచుకోండి.

సెకండ్‌హ్యాండ్ బండి కొనేవారికి ఇందులో ఓ ఉపాయం ఉంది. మునిగిన కారుకు సీటు కవర్లు మారుస్తారు, కార్పెట్లు ఉతుకుతారు, సెంటు కొడతారు. స్పీకరు వీపు మాత్రం ఎవరూ తుడవరు. బేరం కుదిరేముందు ఒక డోరు ప్యాడు తీయించి, టార్చి వేసి చూడండి. అయస్కాంతం మీద, వైర్ల కట్ట మీద ఎండిన ఒండ్రు చార కనిపిస్తే నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో అక్కడే రాసి ఉంటుంది. ప్యాడు విప్పడానికి అమ్మేవాడు ఒప్పుకోలేదంటే, అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని ఇంకో బండి చూడండి.