4.6 కేజీల గిటార్: అమ్మాలా, ఉంచాలా?

ఐఫోన్ 14 ప్రో బరువు 206 గ్రాములు. 15 ప్రోకి టైటానియం ఫ్రేమ్ పెట్టి 187కి దించారు. ఆ 19 గ్రాముల కోసం మనం ఎన్ని వీడియోలు చూశామో, కామెంట్లలో ఎంత కొట్టుకున్నామో గుర్తుందా? అలాంటి నేను, మూడేళ్ల క్రితం జీతంలో దాచుకున్న డబ్బుతో ఎలక్ట్రిక్ గిటార్ కొన్నప్పుడు పికప్స్ చూశా, కలర్ చూశా, ఈఎంఐ చూశా. బరువు చూడలేదు. ఆ షాపింగ్ పేజీలో అసలు రాసే లేదు.

లెస్ పాల్ షేప్‌లో ఉండే గిటార్ అది. మొన్న లగేజీ తూచే డిజిటల్ కాటాకి తగిలిస్తే 4.6 కేజీలు చూపించింది. ఆరు నెలలుగా నడుము నొప్పి. మా అమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది: "నాలుగున్నర కేజీల బియ్యం సంచి మెడకి వేలాడదీసుకుని గంట నిలబడతావా ఎవడైనా? అమ్మేయ్ రా."

లాజిక్ కరెక్టే. కానీ నేను వెంటనే ఒప్పుకోలేదు. మాది టైడా. వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో రోజుకి తొమ్మిది గంటలు ప్లాస్టిక్ కుర్చీలో, లాప్‌టాప్ మీదకి వంగి కూర్చుంటా. తప్పు గిటార్‌దా, కుర్చీదా? ఒకేసారి రెండూ మారిస్తే బగ్ ఎక్కడుందో తెలీదు కదా. అందుకే ముందు కుర్చీ మార్చి, లాప్‌టాప్‌ని కళ్ల ఎత్తుకి లేపి, రెండు వారాలు గిటార్ ముట్టుకోలేదు. నొప్పి బాగా తగ్గింది. మూడో వారం అదే కుర్చీతో పాటు గిటార్ మళ్లీ మొదలుపెట్టా. కూర్చుని వాయిస్తే పర్లేదు. నిలబడి వాయిస్తే నలభై నిమిషాలకి ఎడమ భుజం, ఆ తర్వాత నడుము పట్టేసేవి. నాలుగు రోజులూ అంతే. (కాలు తిమ్మిరెక్కడం, నొప్పి కాల్లోకి దిగడం ఉంటే ఇలాంటి ప్రయోగాలు వద్దు. నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.)

అసలు ఇంత బరువు ఎందుకంటే, 1952లో గిబ్సన్ తెచ్చిన లెస్ పాల్ డిజైనే అలాంటిది. మందపాటి మహాగని చెక్క, దాని మీద మేపుల్ పలక. ఈ బరువు సమస్యే కాకపోతే 1980ల్లో వాళ్లే బాడీ లోపల రంధ్రాలు తొలిచే పని ఎందుకు పెట్టుకుంటారు? 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మామూలుగా మూడున్నర కేజీల దగ్గర ఉంటుంది, పైగా ఒంటికి ఆనే చోట వంపు తిప్పారు. బెల్ట్ ఒక్క భుజం మీదే ఉంటుంది కాబట్టి ఒళ్లు రెండో వైపుకి వాలి బ్యాలెన్స్ చేస్తుంది. ఆ పని చేసేది నడుము కండరాలే.

"నాలుగు అంగుళాల వెడల్పు బెల్ట్ వేస్కో, సెట్ అయిపోద్ది" అని ఫ్రెండ్స్ అన్నారు. వేశా. భుజం మీద కోత తగ్గింది నిజమే. కానీ వెడల్పు పెరిగితే కేజీలు తగ్గవు, నడుముకి లెక్క అదే. కూర్చునే వాయించొచ్చుగా అంటారు ఇంకొందరు. మా పక్క బొబ్బిలిలో ఒకే పనస దుంగని తొలిచి చేసే వీణ కూడా తేలికైనదేం కాదు. కానీ దాన్ని నేల మీద కూర్చుని వాయిస్తారు, మెడకి ఎవరూ తగిలించుకోరు. నాది అలా కుదరదు. వారాంతాల్లో వైజాగ్‌లో బ్యాండ్ ప్రాక్టీస్, అక్కడ నిలబడాల్సిందే. హార్డ్ కేస్‌తో కలిపితే దాదాపు 9 కేజీలు. దాన్ని వేసుకుని ఘాట్ రోడ్ బస్సులో సీటు దొరక్క నిలబడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక "బరువుంటేనే సౌండ్" అనే వాళ్లకి ఒక్క పేరు చెప్తా: పాలకొల్లు యు. శ్రీనివాస్. గిటార్ ముందు పిల్లలా కనిపించే ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో కర్ణాటక కచేరీలు చేశారాయన. ఆ వాద్యం ఎన్ని కేజీలని ఎవరైనా అడిగారా?

కాబట్టి అమ్మేస్తున్నా. బాధ లేదని చెప్పను. ఈ గిటార్ మీదే నేర్చుకున్నా. వానాకాలం మా కొండల తేమకి మెడ వంగితే, దాన్ని సరిచేయడం కూడా దీని మీదే నేర్చుకున్నా. కొన్న రేటులో సగం వచ్చినా గొప్పే. కానీ నొప్పి వస్తుందేమో అన్న భయంతో నెల నుంచి కేస్ తెరవడం లేదు. వాయించని గిటార్‌ని సెంటిమెంట్ కోసం గోడకి తగిలించుకోవడం నాకు నచ్చదు.

తర్వాత కొనేది 3 కేజీల లోపే. హెడ్‌లెస్ మోడల్స్ మీద కన్నుంది. పొట్టిగా ఉంటాయి, బస్సులో కూడా పడతాయి. ఈసారి షాప్‌లో ఇరవై నిమిషాలు నిలబడి వాయించి, నా కాటాతో తూచాకే డబ్బులు. రివ్యూలు రాసేవాళ్లకి ఒక రిక్వెస్ట్: ఫోన్‌కి రాసినట్టే గిటార్‌కీ బరువు రాయండి బాబూ.

నిన్న రాత్రి అమ్మకం ప్రకటన పెట్టా. మొదటి లైన్: "బరువు 4.6 కేజీలు, కాటా ఫొటో జత చేశాను." పొద్దున్నే ఒకాయన మెసేజ్ పెట్టాడు, కలర్ ఇంకోటి ఉందా అని.