దేవుడికి దొంగపూలు

ఒక చేతిలో క్యారీబ్యాగు, ఇంకో చేతిలో వంకీ కర్ర పట్టుకుని తెల్లారకుండానే వాకింగుకి బయల్దేరే భక్తులారా, ఈ టపా మీకోసమే. మీరు చదవరని తెలుసు. అయినా కడుపుమంట కొద్దీ రాస్తున్నా.

మీరు చేసేదాన్ని దొంగతనం అంటారు. "పువ్వులే కదండీ, అంత పెద్ద మాటెందుకు" అని గొణక్కండి. 1860 నాటి శిక్షాస్మృతిలోనూ ఉంది, దాని స్థానంలో 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్లోనూ ఉంది. నేలని అంటిపెట్టుకుని ఉన్నంతసేపూ అది చరాస్తి కాదట, నేల నుంచి వేరుచేసిన మరుక్షణం దొంగిలించదగ్గ వస్తువైపోతుందట. కేసు పెడతానని కాదులెండి, మందారప్పువ్వు పోయిందని స్టేషనుకెళ్తే ఎస్సై నన్నే లోపలేస్తాడు. ఆ పనిని ఏమంటారో తెలియాలని చెప్పానంతే.

"దేవుడికే కదా!" ఇది అందరూ అనే మాట. భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకం మీకు నోటికొచ్చే ఉంటుంది. భక్తితో ఆకో, పువ్వో, పండో, నీళ్ళో ఏదిచ్చినా తీసుకుంటానన్నాడు. పక్కింటివి పట్టుకురమ్మని మాత్రం అన్లేదు. నీళ్ళయినా చాలన్నాడు కదా, మీ ఇంట్లో కుళాయి లేదా? ఒకాయనైతే ఏకంగా మా అమ్మతోనే, "మేం కోసినా పుణ్యం చెట్టు పెంచినవాళ్ళకే వస్తుందమ్మా" అన్నాడు. ఎండాకాలంలో బోరు ఎండిపోయి ట్యాంకరు తెప్పించుకుంటాం. ఆ ట్యాంకరు వాడు పుణ్యం తీసుకోడండీ, డబ్బులే అడుగుతాడు.

పోనీ పువ్వు ఒక్కటే పోతుందా అంటే, అదీ కాదు. మందారం ఒక్కరోజు పువ్వు. పొద్దున విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది. "ఎలాగూ వాడిపోయేదే" అంటారు మీరు. అందుకే కదా మరి, పెంచినవాళ్ళకి దక్కేదే ఆ ఒక్క పూట! దాన్ని ఇంకా విచ్చకుండానే మొగ్గగా లాక్కుపోతే మాకు మిగిలేది ఆకులు. పైగా మీ వంకీ కర్రకి పువ్వుతో పాటు లేత చివర కూడా విరిగొస్తుంది. మందారానికి మొగ్గలొచ్చేది ఆ కొత్త చిగుళ్ళలోనే, కాబట్టి ఆ కొమ్మకి మళ్ళీ చిగురొచ్చేదాకా పూలు లేనట్టే. గులాబీ అయితే అయిదాకుల రెమ్మకి కాస్త పైన కత్తెరతో కొయ్యాలి. మీలాగా మెడ దగ్గర తుంచేస్తే మిగిలిన కాడ ఎండుకుంటూ కిందికి దిగుతుంది. ఇక మల్లె సంగతి. నవంబరు చివర్లో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఎరువేసి మా అమ్మ నెలల తరబడి చేసే చాకిరీ అంతా వేసవిలో ఆ నాలుగు మొగ్గల కోసమే. సాయంత్రం విచ్చుకోవాల్సిన మొగ్గలు పొద్దున్నే మాయం.

రిలీజు ఉన్న రాత్రుళ్ళు నేను తెల్లారేదాకా మేలుకునే ఉంటా కాబట్టి ఇదంతా కళ్ళారా చూస్తున్నా.

పారిజాతం వేరు. అది రాత్రి పూసి తెల్లారేసరికి తనే రాలుస్తుంది, నేల మీదవి ఏరుకోవడమే ఆచారం. మా చెట్టు గోడ దాటి వంగింది, రోడ్డు మీద పడ్డవి నిక్షేపంగా ఏరుకోండి. కానీ మీరు దాన్నీ పట్టుకుని ఊపేస్తున్నారే! బతుకమ్మకి తంగేడు, గునుగు తెచ్చుకోమా అనకండి. చెలకల్లో, గట్ల మీద వాటంతటవే పూసిన పూలకి ఎవరూ బిందెలతో నీళ్ళు మోయలేదు.

కరుణశ్రీ గారి 'పుష్పవిలాపం' ఘంటసాల గొంతులో విని కళ్ళొత్తుకునేది కూడా వీళ్ళే. అందులో పూజ కోసం పూలు కోయడానికెళ్ళినాయన వట్టి చేతులతో తిరిగొస్తాడు. నేనంత దూరం పోను. పూలు కోసుకోండి, అడిగి కోసుకోండి అంటున్నా. వీధి చివరి మామ్మగారు ప్రతి శుక్రవారం గేటు తడతారు, అమ్మ పళ్ళెం నిండా ఇచ్చి పంపిస్తుంది. అడిగినవాళ్ళకి ఈ ఇంట్లో లేదనడం నేనెప్పుడూ వినలేదు.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కొమ్మ అడగలేదు. ఫ్లాట్లలో చోటు లేదంటారు. కాస్త ఎండ తగిలే బాల్కనీ ఉంటే తొట్లో నందివర్ధనం బతుకుతుంది. శంఖుపూలు, బంతి అయితే గింజ వేసిన రెండు నెలలకే పూస్తాయి. పూజకి ఇంకేం కావాలి?

వానలు పడగానే మా మందారం ఎలాగూ కత్తిరిస్తాం. పెన్సిలంత లావు, జానెడు పొడవు కొమ్మలు బోలెడు వస్తాయి. కింది ఆకులు తీసేసి తడి మట్టిలో గుచ్చి, ఎండ నేరుగా తగలకుండా కొన్ని వారాలు చూసుకుంటే వేళ్ళు పడతాయి. కావాల్సినవాళ్ళు ఏడు దాటాక వచ్చి గేటు కొట్టండి. వంకీ కర్ర మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి రండి.