ఏ యూనివర్సిటీ జెర్సీ?

ఆత్మకూర్ (ఎస్)లో ఇంటర్ ముగించిన మంచి కబడ్డీ క్రీడాకారిణి డిగ్రీకి సూర్యాపేటలో చేరితే నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం జట్టుకు పోటీపడాలి. హైదరాబాద్ వెళ్తే ఎక్కువగా ఉస్మానియా జట్టుకు. అంతర్ కళాశాలల పోటీల్లో రాణిస్తే యూనివర్సిటీ జట్టులో చోటు, అక్కడి నుంచి సౌత్ జోన్, తర్వాత అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు. 2020లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ క్రీడల మెట్టు ఆ పైనే.

అమెరికాలో ఈ ఎంపికకు పేర్లున్నాయి. అక్కడి కాలేజీ క్రీడల్లో ప్రధానంగా మూడు డివిజన్లు. మొదటి రెండింటిలో ఆట ఆధారంగా స్కాలర్‌షిప్ దొరుకుతుంది, మూడోదాంట్లో దొరకదు. మన దగ్గర డివిజన్లు లేవు, తేడాలు మాత్రం ఉన్నాయి.

కబడ్డీలో కోర్టులోకి దిగేది ఏడుగురే. పెద్ద యూనివర్సిటీ బెంచీ మీద మూడేళ్లు కూర్చోవడం కన్నా నల్లగొండ జట్టులో ప్రతి మ్యాచ్ ఆడటమే మేలు. అథ్లెటిక్స్ లెక్క వేరు. అక్కడ గడియారమే సెలెక్టర్. సింథటిక్ ట్రాక్, రోజూ వెంటుండే కోచ్ కావాలి. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో కాంస్యం గెలిచిన అగసర నందిని గురుకుల విద్యార్థిని; పేరున్న కార్పొరేట్ కాలేజీ ఆమెకు అవసరం కాలేదు.

ఫీజు రాయితీ కరపత్రం చూసి సంతకం చేసే ముందు తల్లిదండ్రులు అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఫిజికల్ డైరెక్టర్ ఉన్నారా, టోర్నీకి వెళ్తే హాజరు ఇస్తారా, గాయమైతే సీటు, హాస్టల్ నిలుస్తాయా.