రాయి వేసిన వారానికి...

మా బాబాయి రాజధానికి రెండెకరాలిచ్చాడు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపనకి వెళ్ళి, ఊరూరి నుంచీ తెచ్చిన మట్టి, నీళ్ళు చూసి మురిసిపోయి వచ్చాడు. 2019 తర్వాత పనులు ఆగిపోయాయి. 2025 మే 2న మళ్ళీ మొదలెట్టారు. "రాయి వెయ్యడానికి ఎంతసేపురా, నిలబెట్టేదెవరో చెప్పు" అంటాడు. ఆయనలా అన్నప్పుడల్లా నాకు ఇంకో రాయి గుర్తొస్తుంది.

1949 ఏప్రిల్ 3, లక్నో. మొక్కల శిలాజాల మీద పరిశోధన చేసే సంస్థకి నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ రాయిలో దేశదేశాల శిలాజాలు పొదిగారు. ఆ సంస్థ బీర్బల్ సాహ్ని గారి కల. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 10న, ఆయన గుండెపోటుతో పోయారు. అప్పటికి 57 ఏళ్ళు.

మన భాషలో చెప్పాలంటే, కిక్ ఆఫ్ మీటింగ్ అయిన వారానికి ఆర్కిటెక్ట్ లేడు. మన ప్రాజెక్టులైతే అక్కడితో అటకెక్కేవి. కానీ 1953 జనవరిలో ఆ భవనాన్ని నెహ్రూగారే ప్రారంభించారు. సంస్థ ఇవ్వాళ్టికీ నడుస్తోంది. ఎలాగంటారా?

రాయికి ముందే సంస్థ ఉంది కాబట్టి! సాహ్ని 1891లో ఇప్పటి పాకిస్తాన్‌లోని భేరాలో పుట్టారు. లాహోరులో చదివి, 1911లో కేంబ్రిడ్జి వెళ్ళి, సీవర్డ్ దగ్గర పని నేర్చుకున్నారు. 1919లో వెనక్కొచ్చేశారు. 1921లో లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర శాఖకి మొదటి అధిపతి అయ్యారు. 1936లో రాయల్ సొసైటీ ఫెలో. ఇంత పేరొచ్చినా పాఠాలు చెప్తూ, శిష్యుల్ని తయారు చేస్తూనే ఉన్నారు. 1946లో భార్య సావిత్రితో కలిసి ట్రస్టు పెట్టి, తన శిలాజాలూ పుస్తకాలూ దానికి ఇచ్చేశారు. ఆయన పోయాక ఆ బరువు సావిత్రిగారు ఎత్తుకున్నారు. మనం నోటీసు పీరియడ్ చివరి రెండ్రోజుల్లో మొక్కుబడిగా చేసే కేటీ, ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు చేశారు.

ఇదంతా మనకెందుకంటారా? ఒంగోలు దగ్గర వేమవరం అనే ఊరుంది. అక్కడి రాతి పలకల్లో పది కోట్ల ఏళ్ళకి పైబడిన ఆకుల అచ్చులు దొరికాయి, కొన్ని అచ్చం ఈతమట్టల్లా ఉంటాయి. జియలాజికల్ సర్వేకి చెందిన ఫైస్ట్‌మాంటెల్ 1879లోనే వాటి గురించి రాశాడు. సాహ్ని, సీవర్డ్ కలిసి 1920లో తిరగరాసిన గోండ్వానా మొక్కల జాతే అది. ఈ సంగతి ప్రపంచంలో శిలాజాలు చదివేవాళ్ళందరికీ తెలుసు. గుంటూరులో ఇంజనీరింగ్ దాకా చదివిన నాకు మాత్రం ఏ మాస్టారూ చెప్పలేదు.

అమరావతిలో సైన్సు మ్యూజియం కట్టమని నేను అడగను. కట్టేలోగా ఇంకెన్ని ప్రభుత్వాలు మారతాయో! ఒంగోల్లోనో గుంటూరులోనో ఏదో ఒక కాలేజీలో ఒక గది, నాలుగు బీరువాలు, ఒక ఓపికున్న మాస్టారు చాలు. వేమవరం పలకల్ని పద్ధతిగా సేకరించి, ప్రతిదానికీ చీటీ రాసి పెట్టమనండి. ఆ గది నిలబడితే భవనం తర్వాత అదే వస్తుంది. గది లేకుండా వేసిన రాయి ఉత్త రాయే.

మా బాబాయి ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే. ఆ నాలుగు బీరువాల్లో ఒకటి నేను కొనిస్తాను. మిగతా మూడూ?