ముందు తఖ్తీ, తర్వాత మషీన్

డిగ్రీ అయిన పిల్లాడిని అమీర్‌పేటలో జావా కోర్సులో చేర్పిస్తాం. "పెద్ద లాప్‌టాప్ లేకపోతే ప్రోగ్రామింగ్ రాదు" అని ఎవరో అంటారు. అంతే, అమ్మీ చేతి గాజులు కుదువకు పోతాయి. ఇది సరాసర్ గలత్.

ఎక్లిప్స్, ఇంటెల్లిజే, ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివాటిని ఐడీఈలంటారు. రెండక్షరాలు కొడితే మిగతా మాట అవే అందిస్తాయి. తప్పు కింద ఎర్రగీత గీస్తాయి. ముఫ్త్‌గానే దొరుకుతాయి, కానీ ఆ బరువు మోసే మషీన్‌కే పైసలు. ఆండ్రాయిడ్ స్టూడియోకి కనీసం 8 జీబీ ర్యామ్ కావాలి. నోట్‌ప్యాడ్‌కి పాత కంప్యూటర్ చాలు. అందులో రాసి, కమాండ్ చేత్తో కొట్టి కంపైల్ చేసి, వచ్చిన ఎర్రర్ మనమే చదివి దిద్దుకుంటే లోపల ఏం జరుగుతుందో సమఝ్ అవుతుంది.

"హైటెక్ సిటీలో అందరూ ఐడీఈలే వాడతారు కదా?" అంటారు. బేషక్. వేల ఫైళ్ల ప్రాజెక్టులో ఒక పేరు మార్చాలన్నా, తప్పు వెతకాలన్నా అవి జరూరే. కానీ నౌకరీ వచ్చాక మషీన్ సాధారణంగా కంపెనీయే ఇస్తుంది. ఇంటర్వ్యూలో తెల్లకాగితం ఇచ్చి రాయమంటే మాట అందించేదెవరు?

మన కాతిబులు తఖ్తీ మీద ఖలం పట్టి, చేయి కుదిరాకే కాగితం ముట్టుకునేవారు. ముందు హునర్, తర్వాత ఔజార్.

ఇంకో మాట. బేటాకి అప్పైనా చేస్తాం, బేటీ అడిగితే "అంత ఖర్చా?" అని ఆపేస్తాం. నోట్‌ప్యాడ్ ముందు ఆ బహానా చెల్లదు. ఇంట్లో ఉన్న ఆ పాత కంప్యూటర్ ముందు ఆమెనూ కూర్చోబెట్టండి.