పగ్గం పట్టిన చేయి

మా మేనత్తది మోతె. ఇప్పుడు సూర్యాపేట జిల్లా అంటున్నాం గానీ, 2016 దాకా నల్గొండ జిల్లాయే. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకి బండి కట్టుకుని పోయేవాళ్ళం. మామయ్య పక్కన కూర్చునేవాడు, పగ్గాలు అత్త చేతిలో! ఆడది బండి తోలడమా అని నోళ్ళు నొక్కుకున్న వాళ్ళూ ఉన్నారు లెండి.

ఓసారి నేనూ తోలతానని పగ్గాలు లాక్కున్నాను. దాపటెద్దు పక్కకి పోతుందేమోనన్న భయంతో గట్టిగా గుంజాను. అది తల ఎగరేసింది. ముకుతాడు దగ్గర నెత్తురు చెమ్మ. "గట్ల గుంజకు బిడ్డా, దానికి ఎరుకైతది. చెప్పినంక ఇడువాలె" అంది అత్త. ఆ 'ఇడువాలె' నాకప్పుడు అర్థం కాలేదు.

మొన్న మా అమ్మాయి గుర్రపు స్వారీ నేర్చుకుంటానంటే వెంట వెళ్ళాను. నేర్పే ఆయన మొదటిరోజే ఆ మాటే అన్నాడు. గుర్రం ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య పళ్ళు లేని చిగురు ఉంటుంది. కళ్ళెపు ఇనుము ఆనేది అక్కడా, నాలుక మీదా. ఎంత సున్నితమో ఊహించుకోండి! వేళ్ళు కాస్త బిగిస్తే చాలు, దానికి తెలిసిపోతుంది. మాట విన్న మరుక్షణం వేళ్ళు వదులు చేయాలి. గుర్రానికి "శభాష్" అంటే అదే. లాగుతూనే ఉంటే, విని లాభమేముందని కొన్నాళ్ళకి వినడమే మానేస్తుంది. అలా మొద్దుబారిన నోటిని మళ్ళీ దారికి తేవడం చాలా కష్టం.

ఇంకోటి. నడకలో గుర్రం తల ఊగుతుంది కదా, చేతులూ దానితోపాటే పోవాలి. బిగదీసుకు కూర్చుంటే అడుగడుక్కీ నోట్లో దెబ్బే. పడిపోతామన్న భయంతో పగ్గాలు పట్టుకు వేలాడటం కొత్తవాళ్ళు చేసే తప్పు. మా అమ్మాయీ చేసింది. తూకం నడుంలో ఉండాలి తప్ప పగ్గంలో కాదు.

మన నకిరేకల్ దగ్గరి చందుపట్ల శాసనం (1289) రాణి రుద్రమ మరణాన్ని చెబుతుంది. ఎన్ని గుర్రాలు ఆమె వేళ్ళ మాట విన్నాయో!

ఇంట్లో ఓ ఆట ఆడి చూడండి. పాత చీర అంచు రెండు పొడుగాటి పాయలుగా చింపండి. పిల్లలొకరు కళ్ళు మూసుకుని చెరో చేత్తో ఓ కొస పట్టుకోవాలి. మీరు వెనక నిలబడి, నోరు మెదపకుండా వేళ్ళతోనే వాకిలంతా నడిపించాలి. తర్వాత మీరు గుర్రమవ్వండి. మా అమ్మాయి మొదటిసారి నన్ను తిన్నగా తీసుకెళ్ళి తులసికోటకి కొట్టించింది!