ముందు కోచ్‌ను ఇవ్వండి, కొలను సంగతి తర్వాత

సంపాదకుడు గారికి,

2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు ఖాయమైనప్పటి నుంచి నిజామాబాద్‌లో కూడా ఒలింపిక్ కొలతల స్విమ్మింగ్ పూల్ కట్టాలన్న మాట తరచుగా చెవిన పడుతోంది. బాక్సింగ్‌లో ఇంత పేరు తెచ్చిన జిల్లా ఈతలో ఎందుకు కనబడదని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే దానికి జవాబు యాభై మీటర్ల కొలను అనుకుంటే మోసపోతాం. ఏడాది పొడుగునా ఈ ఊళ్లోనే ఉండి పిల్లలకు ఈత నేర్పే కోచ్‌లు మనకు ముందు కావాలి. ఈ లేఖ అందుకోసమే రాస్తున్నాను.

బాక్సింగ్‌నే చూడండి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచింది. మరో నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో రెండు కాంస్యాలు, 2023 తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో మరో కాంస్యం తెచ్చాడు. ఇద్దరికీ తొలినాళ్లలో శిక్షణ ఇచ్చింది ఈ ఊరి కోచ్ షంషాముద్దీన్ గారు. హుసాముద్దీన్‌కు ఆయన తండ్రి కూడా. పిల్లలకు అందుబాటులో, సొంత ఊళ్లోనే గురువు ఉండటం వల్ల వచ్చిన ఫలితమది.

ఇక నీళ్లంటారా, వాటికి మనకేం తక్కువ? నిజాంసాగర్ కాలువలున్నాయి, అలీసాగర్ ఉంది, పోచంపాడు ఉంది. బోధన్ చుట్టుపక్కల చెరకు తోటల్లో పెరిగిన మా తరంవాళ్లం ఎండాకాలం సెలవులు బావుల్లోనే గడిపాం. నడుముకు ఎండిన సొరకాయ బుర్ర కట్టి అన్నలు నీళ్లలోకి తోసేవారు, నాలుగు రోజులకు బుర్ర విప్పేసేవారు. ధైర్యం అట్లా వచ్చింది. పోటీ ఈత మాత్రం ధైర్యంతో వచ్చేది కాదు. దిమ్మె మీంచి దూకడం, గోడను తాకీ తాకగానే తిరగడం, తిరిగాక పదిహేను మీటర్ల లోపు నీటి అడుగునే సాగి పైకి తేలడం, ఊపిరిని చేతుల కదలికతో జత చేయడం, ఇవన్నీ పక్కన నిలబడి తప్పు దిద్దే మనిషి ఉంటేనే అబ్బుతాయి. 200 మీటర్ల పోటీ యాభై మీటర్ల కొలనులో జరిగితే మూడుసార్లు మలుపు తిరగాలి. బావిలో ఆ మలుపు ఎవరు నేర్పుతారు?

మన తెలుగువాడు షంషేర్ ఖాన్ కథ ఈ కాలం పిల్లల్లో ఎంతమందికి తెలుసు? అప్పటి గుంటూరు జిల్లా రేపల్లె దగ్గరి కైతేపల్లి ఆయనది. ఊరి నీళ్లలో ఈదిన కుర్రాడు సైన్యంలో చేరాడు, అక్కడ పోటీ ఈతగాడయ్యాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదాడు. బటర్‌ఫ్లైని విడిగా ఒక పోటీగా ఒలింపిక్స్‌లో పెట్టింది ఆ ఏడాదే. 2017లో రేపల్లెలో కన్నుమూశారు. ఊరి నీళ్లు ఆయనకు పునాది వేశాయి, సైన్యంలోని శిక్షణ మెల్‌బోర్న్ దాకా చేర్చింది. సైన్యంలో చేరకపోయి ఉంటే షంషేర్ ఖాన్ పేరు ఊరు దాటేది కాదని నా నమ్మకం.

అదే 200 మీటర్ల బటర్‌ఫ్లైలో 1986 సియోల్ ఆసియా క్రీడల్లో ఖజాన్ సింగ్ రజతం గెలిచారు. 2021 జూన్‌లో రోమ్‌లో సజన్ ప్రకాశ్ 1 నిమిషం 56.38 సెకన్లలో ఈది, నేరుగా ఒలింపిక్ అర్హత సాధించిన తొలి భారతీయ స్విమ్మర్ అయ్యాడు. అర్హతకు కావలసిన సమయం కన్నా సెకనులో పదో వంతు ముందున్నాడు, అంతే. ఈ సజన్ పెరిగింది మహానగరంలో కాదు. తమిళనాడులోని నెయ్‌వేలిలో, లిగ్నైట్ సంస్థ టౌన్‌షిప్‌లో. తల్లి అక్కడ ఉద్యోగం చేసేవారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బోధన్‌లోని మా శక్కర్‌నగర్ గుర్తొస్తుంది. ఒక పరిశ్రమ చుట్టూ వెలసిన ఊరే అదీ, ఇదీ. ఒక ఊరి నుంచి ఒలింపిక్ స్విమ్మర్ వచ్చాడు. మరో ఊళ్లో 1937లో స్థాపించిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. నడిపే మనుషులు లేని కట్టడం ఏమవుతుందో బోధన్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆసియా క్రీడల ఈతలో దేశం మొత్తానికి ఉన్న వ్యక్తిగత స్వర్ణం ఒక్కటే. 1951లో ఢిల్లీలో సచిన్ నాగ్ 100 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 1 నిమిషం 4.7 సెకన్లలో ఈది గెలిచింది అది. అదే పోటీని 2023లో హాంగ్‌జౌలో చైనా కుర్రాడు పాన్ జాన్లే 46.97 సెకన్లలో ముగించాడు. మధ్యలో మనకు దక్కింది ఖజాన్ సింగ్ రజతం తర్వాత 2010లో వీర్‌ధవల్ ఖాడే కాంస్యం, 2014లో సందీప్ సెజ్వాల్ కాంస్యం. ఇంత దూరం పూడ్చాలంటే ఏడెనిమిదేళ్ల వయసులో మొదలుపెట్టి, వానాకాలం, చలికాలం కూడా నీళ్లలో ఉండాలి. మన జిల్లా పట్టణాల్లో ఈత అంటే వేసవి శిబిరం. మార్చిలో కొలను నింపుతారు, పిల్లలు మేలో చేతులు కాళ్లు ఆడించడం నేర్చుకుంటారు, జూన్‌లో బడి తెరవగానే తాళం పడుతుంది. తొమ్మిది నెలలు నీళ్లకు దూరమైన పిల్ల మళ్లీ మొదటికి వస్తుంది.

పెద్ద కొలను కోరేవారు ఒక్క లెక్క చూడాలి. యాభై మీటర్ల పొడవు, ఇరవై అయిదు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు అంటే 25 లక్షల లీటర్ల నీళ్లు. ఆ నీటిని రోజూ వడగట్టాలి, క్లోరిన్ కలపాలి, మోటార్లు నడపాలి. ఇరవై అయిదు మీటర్ల కొలను, పన్నెండున్నర మీటర్ల వెడల్పు, మనిషి ఛాతీ లోతు అయితే నాలుగున్నర లక్షల లీటర్లు కూడా పట్టవు. ఐదారు లేన్లు వస్తాయి. పదేళ్ల పిల్లలకు అది ధారాళంగా సరిపోతుంది. అందులోంచి రాటుదేలిన వాళ్లను పెద్ద కొలను సాధనకు హైదరాబాద్ పంపవచ్చు. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో ఆసియా క్రీడల నాటి గచ్చిబౌలి కొలను ఉండనే ఉంది.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. నిఖత్ ఊళ్లో ఆడపిల్లలకు ధైర్యం లేదని ఎవరూ అనలేరు. కానీ మహిళా కోచ్ లేకపోతే, వాళ్లకంటూ వేళలు, బట్టలు మార్చుకునే శుభ్రమైన గదులు లేకపోతే తల్లులు పంపరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అందుకే జిల్లాకు అడిగే కోచ్ పోస్టుల్లో కనీసం ఒకటి మహిళకు ఉండాలి.

పతకాలు ఎవరో ఒకరిద్దరికి వస్తాయి, ప్రాణాలు అందరివీ. 2021 ఏప్రిల్‌లో పోచంపాడు పుష్కర ఘాట్ దగ్గర గోదావరిలో ఒకేరోజు ఆరుగురు మునిగిపోయారు. 2025 జూన్‌లో బాసరలో అయిదుగురు యువకులు పోయారు. దేశంలో 2022 ఒక్క ఏడాదిలోనే 38 వేల మందికి పైగా నీట మునిగి చనిపోయారని జాతీయ నేర రికార్డుల బ్యూరో గణాంకాలు చెబుతున్నాయి. బడి వయసు పిల్లలందరికీ ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాటి నుంచో చెబుతోంది. మూడో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకు ఈత నేర్పే కోచ్ ఊళ్లో ఉంటే, వాళ్లలో నీటిని ఇట్టే పట్టుకునే పిల్లను గుర్తించేది కూడా ఆయనే. ఈ రెండు పనులనూ వేరు చేసి చూడటం వల్లే ఈత మనకు డబ్బున్న వాళ్ల సరదాగా మిగిలింది.

2036 ఒలింపిక్స్ మనకే కావాలని దేశం అడుగుతోంది. ఇవాళ ఎనిమిదేళ్లున్న పిల్లకు అప్పటికి పద్దెనిమిది వస్తాయి. కొలను టెండరు, శంకుస్థాపన, ప్రారంభోత్సవం అయ్యేదాకా ఆగితే ఆమె వయసు ఆగదు.

జిల్లా యువజన క్రీడల శాఖకు, మన ప్రజాప్రతినిధులకు నా విన్నపం ఇది. నిజామాబాద్‌కు ఇద్దరు, బోధన్‌కు ఒకరు, శాశ్వత ఈత కోచ్‌లను నియమించండి. ఉన్న కొలనులను పదకొండు నెలలు తెరిచి ఉంచండి. సర్కారు బడి, గురుకులం పిల్లలకు ఫీజు లేకుండా వారానికి రెండు రోజులు కేటాయించండి. తల్లిదండ్రులారా, వచ్చే వేసవి శిబిరంలో పిల్లల పేరు రాయించేటప్పుడు నిర్వాహకులను ఒక్క మాట అడగండి: జూన్ తర్వాత కోచ్ ఉంటారా?

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
శక్కర్‌నగర్, బోధన్.